అద్దెకున్నావిడ ఇంట్లో మా గృహప్రవేశం

అధ్యక్షస్థానంలో ఉన్న విజయలక్ష్మి గారికి, ఈ ఉక్కపోతలో చెమటలు కక్కుతూ కూడా శాలువా తీయనంటున్న మా హెల్గా గారికి, కార్ల్స్‌రూహె తెలుగు పెద్దలకు, పులిహోర అయిపోతుందేమోనని తలుపు దగ్గరే నిలబడ్డ మిత్రులకు నమస్కారం.

అద్దెకున్న మనిషి ఖాళీ చేస్తుంటే ఇంటి ఓనరు సన్మానం చేయడం ఎక్కడైనా చూశారా? ఎనిమిదేళ్ళ కిందట నేను కోరుకున్నది సరిగ్గా ఈ రోజునే. శ్రావ్యా, ఆ ముక్క హెల్గా గారికి జర్మన్‌లో చెప్పకు తల్లీ. చెప్పేసింది. (నవ్వులు)

అప్పట్లో మా అనంతరామయ్య గారు, అదిగో మూడో వరుసలో తల దించుకున్నారే, ఆయనే, "ఖాళీ ఇల్లు ఖరీదోయ్ రవీంద్రా, మనిషున్న ఇల్లు చవక. రిజిస్ట్రేషన్ ఖర్చులు నీవి, మిగతాది బ్యాంకుది, వాయిదాలు ఆవిడ అద్దే కట్టేస్తుంది, ఏడాదిలో ఆవిడ వెళ్ళిపోతుంది" అన్నారు. చివరిది తప్ప అన్నీ నిజమయ్యాయి. ఆ ఖర్చులకు గాజులమ్మింది మా ఉదయశ్రీ కనుక, రిజిస్ట్రేషన్ రాసే నోటరీ వాటాలు అడిగితే "నాకు యాభై ఒకటి, ఆయనకి నలభై తొమ్మిది" అంది. ఆనాటి నుంచి మా ఇంట్లో కూర దగ్గర కూడా నా మాట చెల్లలేదు. కొత్తగా ఇల్లు కొనబోయే పిల్లలూ, అప్పు సంగతి బ్యాంకు చూసుకుంటుంది, వాటా సంగతి మీరు చూసుకోండి.

ఇక్కడ ఇల్లు చేతులు మారినా అద్దె ఒప్పందం మారదు. అయినా "సొంతిల్లు కొని పాలు పొంగించకుండా ఎలా అండీ?" అని ఉదయశ్రీ ఒకటే పోరు. మామిడాకులు దొరక్క ఏవో పచ్చాకులు తోరణం కట్టుకుని, గిన్నె పట్టుకుని మూడో అంతస్తెక్కి బెల్లు కొట్టాం. ఓనర్లు కాఫీకొచ్చారనుకుని ఆవిడ కేక్ కోశారు. అద్దంలా మెరిసే ఆవిడ పొయ్యి మీద మేం పాలు పెట్టాం. పొంగాయి. "ఇంకా పొంగనీ, ఇంకా" అంటుంటే పొగ అలారం మోగింది, పక్కింటాయన ఫైరింజన్‌ను పిలిచాడు. హెల్మెట్లతో నలుగురొచ్చారు. ఆ నలుగురికీ ఆవిడే కేక్ పెట్టారు. మా గృహప్రవేశానికి అతిథులంటే వాళ్ళే. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ తేదీకి ఆవిడే ఫోన్ చేసి, పాలు తెస్తున్నారా అని అడిగేవారు.

ఒక నిజం ఒప్పుకోవాలి. మొదట్లో నేను వారం వారం వెళ్ళి "మోకాళ్ళెలా ఉన్నాయండీ?" అన్నది ప్రేమతో కాదు. మెట్లెక్కలేక ఎప్పుడు వెళ్తారా అని. శ్రావ్యా, ఇది మాత్రం చెప్పమ్మా. అలా వెళ్ళీ వెళ్ళీ అలవాటైపోయింది. మాకు ఆఫీసులుంటే మా శ్రావ్యను కిటా అనే పసిపిల్లల బడి నుంచి తెచ్చి అన్నం తినిపించింది ఈవిడే. ఇప్పుడు మోకాళ్ళు నిజంగానే మొరాయించాయి. నలభై ఏళ్ళున్న ఇల్లు వదిలి వృద్ధాశ్రమంలో ఒక గదికి వెళ్తున్నారు. కోరుకున్నది జరిగింది, నాకేమో ఏడుపొస్తోంది.

ఏమంటున్నారు శ్రావ్యా? నేనెందుకు అడిగేవాడినో ఆవిడకి ఎప్పుడో తెలుసట. నొప్పి లేని వారం కూడా ఉందనే చెప్పేవారట, లేకపోతే నేను మళ్ళీ రానేమోనని.

ఇంకేమిటమ్మా? శనివారం కొత్త గదిలో పాలు మేమే పొంగించాలట. గదిలో పొయ్యి లేదని ప్లగ్గు పొయ్యి కొన్నారట. అక్కడా పొగ అలారం ఉందట, అందుకని కేక్ పెద్దదే చేస్తున్నారట. (నవ్వులు)

ఇంతసేపు భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. శనివారానికి పాలు కొనాలి, సెలవు.