తేలిన గింజలు

నర్సరీలో ఇన్ని మొక్కలుండగా మీకు అదే కావాలా ఆఫీసరు గారూ? ఆ మూల మడుల్లో వేలకొద్దీ ఉన్నాయి, జీపు నిండా తీసుకెళ్ళండి, నేనే మోసిపెడతాను. ఆ ఒక్కటీ వదిలేయండి.

లేదు, ముందు నా మాట వినండి. అత్తయ్య చీర మార్చుకోడానికి లోపలికెళ్ళింది. వచ్చేలోపు చెప్పెయ్యాలి. కాస్త ఇలా, ఈ మట్టి సంచుల వెనక్కి రండి.

మీరు మంచికే చేస్తున్నారు, కాదనను. మా ఆయన గింజల కోసం చెట్టెక్కి, పడి చనిపోయాడు. ఆ గింజ మొలిచి మోకాలెత్తు అయింది కదా, కొండ మీద నాటి ఆయన పేరుతో బోర్డు పెడదామన్నారు. ఆ జాతి చెట్టు కొండ మొత్తానికి ఒక్కటే మిగిలిందాయె. అత్తయ్యకైతే నెల నుంచి ఇదే మాట, కనబడ్డ ప్రతివాళ్ళతోనూ.

కానీ అది ఆయన తెచ్చిన గింజ కాదండీ.

అలా చూడకండి. ఆకు చూడండి, తెలుస్తుంది. వాగు పక్కన ఎక్కడ పడితే అక్కడ మొలిచే రకం. నాలుగో మడిలోంచి నేనే పీకి తెచ్చి పెట్టాను.

ఆయన్ని తెచ్చి పడుకోబెట్టినప్పుడు నడుముకి కట్టుకున్న గుడ్డసంచి ముడి కూడా ఊడలేదు. లోపల కాయలు నలగను కూడా లేదు. రెండు వారాలకి ఒలిచి, గింజలు బకెట్ నీళ్ళలో పోశాను. మీకు తెలిసిందేగా, గట్టి గింజ మునుగుతుంది, తాలు గింజ తేలుతుంది. అన్నీ తేలాయి. ఒక్కటంటే ఒక్కటి మునగలేదు. చేత్తో అదిమిపట్టాను సార్, ఎంతసేపో. చెయ్యి తీస్తే మళ్ళీ పైకొచ్చేశాయి.

అయినా మట్టి సంచుల్లో పెట్టాను. ఏం చెయ్యను మరి, అత్తయ్య గుమ్మంలో కూచుని చూస్తోంది. రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చేది. "వీడు ఇవాళ కూడా లేవలేదేమే" అనేది. నలభై రోజులు అదే మాట. తిండి మానేసింది. ఈవిడ కూడా పోతుందేమోనని నాకు భయమేసింది. ఓ పొద్దున ఆవిడ లేవకముందే ఆ మొలక తెచ్చి గుచ్చాను. ఆ పూట రెండు ముద్దలు తింది. ఇంక నేను నోరు విప్పలేకపోయాను.

ఆవిడ పోల్చుకోలేదా అంటారా? ఇదే నర్సరీలో ముప్ఫై ఏళ్ళు నారు పోసిన మనిషి. మొన్న ఆ ఆకుని వేళ్ళ మధ్య పెట్టుకుని చాలాసేపు తడిమింది. "నీళ్ళు మరీ ఎక్కువ పొయ్యకే" అంది, అంతే. తెలిసిందో లేదో, అడిగే ధైర్యం నాకు లేదు.

ఇదంతా ఒక ఎత్తు. గింజలెందుకు తాలయ్యాయని మీరడగలేదు చూడండి, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు.

కాయ ముదరలేదు సార్. ఆయన చెప్పాడు నాకు. తొడిమ దగ్గర ఇంకా పచ్చగా ఉంది, పది రోజులు ఆగుదాం, పైగా వానకి బెరడు నాని ఉంది అన్నాడు. పోయినేడు అలా ఆగితే చిలకలు ఒక్క కాయ మిగల్చలేదు. అందుకని నేనే తొందరపెట్టాను. "కాళ్ళు వణుకుతున్నాయని చెప్పరాదూ, పోనీ నేనెక్కనా" అన్నాను. సరదాకే అన్నాను. మేమెప్పుడూ అలాగే వేళాకోళాలాడుకునేవాళ్ళం. ఆయనా నవ్వుతూనే ఎక్కాడు.

పది రోజులండీ. ఆగుంటే గింజా దక్కేది, మనిషీ దక్కేవాడు. ఈ మాట అత్తయ్యకి చెప్పలేదు. చెప్పలేను.

అదిగో, వస్తోంది. పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుంది చూడండి. ఇంక నేనేమీ అననులెండి, ఎక్కించండి. సంచి అడుగున చెయ్యేసి పట్టుకోండి, లేకపోతే వేరు కదులుతుంది.

సార్, ఒక్కమాట. బోర్డు మీద ఆయన పేరు రాయించండి. చెట్టు పేరు మాత్రం రాయించకండి.