ముల్లు చెప్పని వేగం

ఇద్దరు పట్టే చిన్న విమానం గాల్లో ఉంది. నడుపుతున్న పైలట్ పక్కన సంగీతం టీచరు కూర్చుంది.

“మళ్లీ అదే మాటా టీచరుగారూ? ఇంజను బ్రహ్మాండంగా ఉంది.”

“ఉండొచ్చు బాబూ. శ్రుతి మాత్రం పెరిగింది. బయల్దేరినప్పుడు ఇలా లేదు.”

“ఇంజను వేగం చూపించే ముల్లు ఇదిగో. నిమిషానికి రెండువేల నాలుగొందల చుట్లు. వెంట్రుకవాసి కదల్లేదు.”

“కదలనిస్తేగా! ఇందాకట్నుంచి ఆ పిడిని ముందుకి తోస్తూనే ఉన్నావు.”

“అది... ముల్లు కొంచెం జారుతుంటే...”

“జారుతుంటే?”

“సర్దుతున్నా.”

“ముల్లుని సర్దడానికి ఇంజన్ని తోస్తున్నావన్నమాట.”

“టీచరుగారూ, నేను పరీక్షలు పాసయ్యాను.”

“నా దగ్గర పాసైనవాళ్లూ శ్రుతి తప్పుతారు నాయనా. నీ ముల్లు తప్పకూడదా?”

“ముల్లు తక్కువ చూపిస్తోందేమో. అదే అయితే ప్రొపెల్లరు మితిమీరి తిరుగుతున్నట్టు. అప్పుడు దాని రెక్క... వద్దులెండి. పిడి వెనక్కి లాగేశా. దిగిపోదాం.”

“భయమా?”

“పక్కన మీరున్నారు. భయపడాలిగా.”

విమానం దిగింది. షెడ్డులో మెకానిక్కు దాన్ని పరీక్షించి బయటికొచ్చాడు.

“నీ ముల్లు అబద్ధాలకోరు తమ్ముడూ. వేరే మీటరు పెట్టి చూశా. అసలు వేగం నూటయాభై ఎక్కువ.”

“అంతేనా అన్నా?”

“అంతేనా ఏమిటి! మన ప్రొపెల్లరుకి గండం సరిగ్గా అక్కడే. ఆ వేగంలో రెక్కకి వణుకు పుడుతుంది. వణుకు ముదిరితే పగులు.”

“పగిలిందా?”

“లేదు, త్వరగా దిగావు. ముల్లునే నమ్ముకుని తిరిగుంటే, రెక్క ముక్కలు పొలాల్లో ఏరుకునేవాణ్ణి. కొత్త మీటరు పెట్టేదాకా ఇది షెడ్డు దాటదు. ఇంతకీ ఈవిడ నీకు చుట్టమా?”

“అంటే... ఇంకా...”

“ఇంకా?”

“ఇంకా కాదన్నా.”

“సరే, సరే. నాకు లోపల పనుంది.”

“ఏం బాబూ, ఆ నేలచూపులేమిటి?”

“మిమ్మల్ని ఒక్కసారి విమానం ఎక్కించి మంచి పేరు తెచ్చుకుందామనుకున్నా టీచరుగారూ. బాగానే తెచ్చుకున్నాను.”

“నిజం చెప్పనా? మా అమ్మాయి నీతో పెళ్లి మాటెత్తినప్పుడల్లా కుదరదంటూ వచ్చాను. దిగాక అదే నీ మొహం మీద చెప్పేద్దామని ఇవాళ ఎక్కాను.”

“చెప్పేయండి మరి. వింటాను.”

“ఎలా చెప్పను? కళ్లెదురుగా ముల్లు నీ పక్షాన సాక్ష్యం చెబుతున్నా, నా మాట విని దించేశావే! పద, ఇంటికి వచ్చి మా అమ్మాయికి నువ్వే చెప్పు, అమ్మ ఒప్పుకుందని.”