రెండు ఫేజులు

(హిందూపురంలో కాలిన మోటర్లకు రాగితీగ చుట్టే ఉలిగప్ప అంగడి. పెనుకొండ పక్క పల్లెలో ఒక బావి గట్టు. నడుమ ఫోను.)

“అమ్మా, అమ్మా, ఏడవద్దు. రవంత నిదానంగా చెప్పు. మోటర్లు చుట్టే ఉలిగప్పనే నేను. ఏం గావల్ల నీకు?”

“మోటరు తిరగడంలేదన్నా. దాని మీద నీ నెంబరు రాసుంటే కొడ్తాండా. మనిషి లోపలుండాడు.”

“లోపలంటే?”

“బాయి లోపల! అడుగున పూడిన మట్టి తీసేకి దిగినాడు. పక్కగోడ ఇరిగి పడె. కాలు మీద గుండురాయి పడి ఇరుక్కున్యాడు, కదిలేకి కాదు. ఇరిగినకాడ నుంచి ఊట దూకుతాంది. ఇందాక మోకాళ్ళకుండె, ఇప్పుడు తొడలు మునిగె.”

“ఫైరింజనుకు చెప్పినారా?”

“చెప్పినా. పెనుకొండలో బయలుదేరినారంట. అర్ధగంట పైనే పడతాదంట. అంతసేపు ఆ నీళ్ళు ఊరుకుంటాయా?”

“ఊర్లో మగోళ్ళు?”

“అందరూ ధర్మవరం పెండ్లికి పోయినారు. ఈడుండేది నేనూ, మా అత్తా.”

“నా కొడుకా... పైకి చూడరా... నా కొడుకా...”

“అది మా అత్త. అత్తా, ఊకుండు, ఫోన్లో మాట ఇనపడలే!”

“నీ పేరేమమ్మా?”

“గోవిందమ్మ.”

“గోవిందమ్మా, బటన్ నొక్కితే ఏమంటాంది మోటరు?”

“గుయ్యిమంటాది. అంతే. తిరగదు.”

“ముందు ఆఫ్ చెయ్. చేసినావా?”

“చేస్తి.”

“స్టార్టరు డబ్బా మీద మూడు లైట్లుంటాయి చూడు. ఎన్ని ఎలుగుతాండాయి?”

“రెండే. నీలంది లేదు.”

“ఒక ఫేజు పోయింది. అది త్రీఫేజు మోటరమ్మా. మూడు తీగల్లోనూ కరెంటొస్తేనే తనంతట తాను లేస్తాది. రెండే వస్తే ఊరికే మూలుగుతాది. అట్లనే పెట్టుకుంటే కాలిపోతాది. లైన్‌మ్యాన్‌కు...”

“ఎత్తడంలేదన్నా! ఏడుసార్లు కొడితి!”

“ఉండు, ఉండు.”

“మా ఇంట్లో సంపుకు చిన్న మోటరుండాది. ఇంటి కరెంటుకే ఆడతాది. అది పీక్కోని వస్తునా?”

“అది సింగిల్ ఫేజు. దాని లోపల కండెన్సరుంటాది, అదే తోసి లేపుతాది దాన్ని. అర హెచ్‌పీ ఉంటాదేమో. ఇంత ఊటకు అది చాలదమ్మా. ఇల్లెంత దూరం?”

“మైలుంటాది.”

“వద్దు. పోవద్దు.”

“మరెట్ల?”

“ఆలోచిస్తాండా.”

“ఆలోచించేకి టైము లేదు. నడుముకొచ్చె!”

“ఇంట్లో ఫ్యానుకు కండెన్సరు పోతే ఏం చేస్తారు మీరు?”

“కట్టెతో ఒక తిప్పు తిప్పుతాం. ఆమైన అదే తిరుగుతాది.”

“ఇదీ అంతే. తొలి తోపు మనమిస్తే రెండు ఫేజుల మీదనే పోతాది. అయితే...”

“అయితే ఏమి?”

“ఈ పని నేను ఎవురికీ చెప్పను. పోయినేడు ఒకాయన ఇట్లనే చేసి రెండు వేళ్ళు పోగొట్టుకున్యాడు.”

“నాకు పది ఉండాయి. చెప్పు.”

“ఫోను స్పీకర్లో పెట్టి గట్టుమీద పెట్టు. మెయిన్ స్విచ్చు కూడా దించు. మోటరు వెనకాల రేకు డొప్ప ఉంటాది, లోపల చిన్న ఫ్యాను. ఆ డొప్ప ఊడపెరకల్ల. స్క్రూలు నాలుగు.”

“స్క్రూడ్రైవరు లేదు. కొడవలుండాది.”

“మొనతో తిప్పు. తిరక్కుంటే రేకు చించెయ్.”

“వస్తాంది... ఒకటొచ్చె... అబ్బా!”

“ఏమాయ?”

“ఏం గాలేదు. రవంత వేలు తెగింది. డొప్పొచ్చె!”

“తాడుండాదా?”

“బొక్కెన తాడుండాది.”

“ఫ్యాను నడుమ ఇనుప కడ్డీ ఉంటాది, దానికి నాలుగు చుట్లు చుట్టు. కొసకు ముడెయ్యొద్దు. లాగితే ఊడి రావల్ల. నీ చేతికి మాత్రం చుట్టుకోవద్దు, ఇనపడిందా? మోటరు లేస్తే నిన్నూ ఈడ్చుకుంటాది.”

“చుట్టినా.”

“మెయిన్ వేసి, మీ అత్తను బటన్ దగ్గర నిలబెట్టు. నువ్వు గట్టిగా లాగి, లాగినాక ‘ఊ’ అను. అప్పుడే నొక్కల్ల. ముందు నొక్కకూడదు.”

“అత్తా, ఇట్లా రా. బాయిలోకి చూడద్దు, నన్ను చూడు. నేను ఊ అంటానే ఈ పచ్చది నొక్కి పట్టుకో. తెలిసిందా?”

“తెలిసిందే... నా కొడుకు...”

“నీ కొడుక్కే అత్తా. నిలబడు. ... ఊ!”

“లేసిందా?”

“లేసింది! తిరుగుతాంది! తిరుగుతాందన్నా!”

“నీళ్ళు?”

“నీళ్ళు... సన్నగా. ఉచ్చ పోసినట్ల వస్తాండాయి.”

“తిరగబడిందమ్మా! ఆఫ్ చెయ్. మూడు ఫేజులుంటే దాని పక్కకు అది పోతాది. ఇప్పుడు మనం ఏ పక్క తోస్తే ఆ పక్కకే. పంపు మీద బాణం గుర్తుంటాది చూడు.”

“మట్టి పట్టింది... ఉండు... ఉండాది, బాణముండాది.”

“తాడు ఎదురు దిక్కుకు చుట్టు. లాగితే బాణం పక్కకే తిరగల్ల.”

“ఎదకొచ్చె అన్నా నీళ్ళు.”

“చూడద్దు. చుట్టు. మీ ఇంటాయన్ను చేతులు పైకి పెట్టి గోడ పట్టుకోమని చెప్పు.”

“అత్తా, నువ్వు చెప్పు. నువ్వు చెప్తే ఇంటాడు.”

“గోడ పట్టుకో నాయనా! రాయి పట్టుకో!”

“నీతో ఏమన్నా అంటాండాడా?”

“అనడు. తల కూడా ఎత్తడు నా పక్క.”

“భయమమ్మా. అట్లనే ఉంటాది. లాగు.”

“ఊ! ... జారిపోయెనన్నా. చేతిలో జారిపోయె.”

“మల్లా.”

“తోలు లేసిపోయింది చేతుల్లో. తాడు నెత్తురై జారుతాంది.”

“కొంగు చింపి చేతికి చుట్టుకో. మల్లా లాగు గోవిందమ్మా.”

“చుట్టినా. అత్తా, చూసుకో. ... ఊ!”

“ఏమాయ? అమ్మా? గోవిందమ్మా?”

“వచ్చె! నిండుగా వస్తాండాయి! పైపు ఎగురుతాంది!”

“లోపలో?”

“ఎదకాడ నిల్చినాయి. పెరగలే. దిగడంలే గానీ పెరగలే.”

“చాలు. అంతే చాలు. మీ అత్తను చెయ్యి తీయద్దను, తీస్తే ఆగిపోతాది.”

“అన్నా, వాసనొస్తాంది. కాలిన వాసన.”

“వస్తాది. రెండు తీగలతో మూడింటి బరువు మోస్తాంది గదా.”

“పొగ! ఆఫ్ చేయనా?”

“వద్దు! ఆఫ్ చేస్తే మల్లా లేయదు. కాలనీ. నేను చుట్టిన మోటరే. కాలిపోనీ. దగ్గరికి పోవద్దు, ముట్టుకోవద్దు.”

“ఎంతసేపాగుతాది?”

“తెలీదమ్మా.”

“నువ్వే చుట్టినావు గదన్నా!”

“చుట్టినోనికీ తెలీదు. రాగి మంచిదే ఏసినా. దేవుడా, మంచిదే ఏసినా. ఫైరింజను సప్పుడేమన్నా ఇనపడతాందా?”

“లేదు.”

“రోడ్డు పక్క చూడు.”

“లేదన్నా. ... పావుగంట దాటె, ఇంగా రాలే. పొగ నల్లగా అయె. మూలుగుతాంది. నిలబడుతాంది! అన్నా, నిలబడిపోయె!”

“ఎంతసేపాడింది? ఇరవై నిమిషాలాడింది, కాదా? మెయిన్ దించు. దించి గట్టుమీదికి పో.”

“పెరుగుతాండాయి. మల్లా పెరుగుతాండాయి. భుజాలు... అత్తా, దూకద్దు! నువ్వు దూకితే ఏమొస్తాది, పట్టుకో నన్ను, పట్టుకో! అన్నా, ఇంగేమి చేయల్ల? చెప్పన్నా! గొంతుకొచ్చె!”

“ఫ్... ఫోను పెట్టద్దు. సప్పుడు... అదేమి సప్పుడు?”

“ఫైరింజనోళ్ళు వచ్చిరి! ఓ అన్నా, ఈడ! ఈడ! చెరుకు తోట దాటి రాండి!”

“గోవిందమ్మా? ... గోవిందమ్మా? ... అమ్మా, ఎవురన్నా ఉండారా లైన్లో?”

...

“అన్నా.”

“చెప్పు తల్లీ. చెప్పు.”

“తీసిరి. గుండు కిందకు గడ్డపార పెట్టి లేపి తీసిరి. కాలు ఇరిగింది. ఊపిరాడుతాంది. నీళ్ళు కక్కుతాండాడు. మా అత్త ఒళ్ళో తల పెట్టుకోని కూర్చుండాది.”

“అమ్మయ్య. మీ ఇంటాయన రవంత కోలుకున్యాక మోటరు హిందూపురానికి పంపమను. ఊరికే చుట్టిస్తా. పైసా వద్దు.”

“మా ఇంటాయన పోయి రెండేండ్లాయన్నా.”

“ఏమి? మరి బయటికొచ్చింది...”

“మా మరిది. ఈ బాయిలో నాకు భాగం లేదని కోర్టుకు పోయినోడు. ఆ మోటరు కూడా వాందే. నేను చేనికాడ ఉంటే అరుపు ఇనపడి పరిగెత్తొస్తి.”

“అట్లాంటోనికోసమా తల్లీ, చేతులు నెత్తురు చేసుకుంటివి?”

“మా అత్తకు ఇంగొక కొడుకు లేడన్నా.”