మోకాలి గోలీలు

ధూల్‌పేట్‌లో వినాయకుల సీజను. వాకిట్లో కోడలు విగ్రహాల కోసం కాళ్లతో మట్టి తొక్కుతుంటే, అత్త గోలీల షీటు పట్టుకుని వచ్చింది.

"ఇవి మోకాలి నొప్పికని నా కొడుక్కు చెప్పినవట?"

"అవునత్తమ్మా."

"పక్కింటి పిల్ల గూడ గిసుంటియే మింగుతది. పిల్లలు పుట్టకుండనట."

కోడలు తలెత్తలేదు. తొక్కడమూ ఆపలేదు.

"మింగితె కండలు గుంజుతయట, కీళ్లు వదులైతయట. నిజమేనా?"

"డాక్టరమ్మనడిగిన. కండలకు, కీళ్లకు మంచో చెడో ఇంక గట్టిగ తేలలేదన్నది. నాకైతే ఏ నొప్పీ లేదత్తమ్మా!"

"లేదా?"

కోడలు నాలుక కరుచుకుంది. కాళ్లు మట్టిలోనే ఆగిపోయాయి.

"నొప్పి లేనిదానికి మోకాలి గోలీలెందుకే?"

"ఇద్దరు పిల్లలు చాలత్తమ్మా. ఆయనకు చెప్తె వినడు."

అత్త వంగి తన మోకాళ్లు రుద్దుకుంది.

"నేను ఏ గోలీ మింగలే. కాన్పు మీద కాన్పు, ఇవి అరిగిపోయినయ్. ఎవలడిగిన్రు నన్ను?"

షీటును కోడలి కొంగున ముడివేసింది. గల్లీ మలుపులో కొడుకు బండి చప్పుడైంది.

"వాడొస్తుండు. మోకాలు నొచ్చేది గిట్ల మట్టి తొక్కుతదానే? మట్టిలకెల్లి బయటికొచ్చి జర కుంటుకుంట నడువ్!"