పత్రిక పెట్టె కింద మెట్టు

నూట ముప్పై ఒక్క ప్రశ్నలమ్మా. వడ్రంగివాడికి అన్ని ప్రశ్నలెందుకు చెప్పండి? నాజీ పార్టీలో ఉన్నావా, ఏ సంఘంలో తిరిగావు, మీ ఆవిడ తరఫువాళ్ల సంగతేంటి... రాసి రాసి చెయ్యి పడిపోయింది. అవీ చాలవట అమెరికా వాళ్లకి. నేను మంచివాణ్ణేనని యూదులెవరైనా రాసివ్వాలట. అప్పుడుగానీ నా కార్ఖానా తాళం తీయనివ్వరట.

యుద్ధమయ్యాక మీవాళ్లలో ఈ ఊరికి తిరిగొచ్చింది మీరొక్కరే, సెల్మమ్మా. ఇంకెవరి దగ్గరికి వెళ్లను?

పర్లేదు, నిలబడే చెప్తాను.

పార్టీలో నేను చేరలేదు. మీ నాన్నగారి బట్టల కొట్టు అద్దాలు పగలగొట్టినప్పుడు, మర్నాడు వచ్చి చెక్కలు బిగించింది నేనే. అదొక్కటి రాయండి చాలు.

ఏంటమ్మా అలా చూస్తారు?

ఆ పెట్టె గురించా. అవును, నేనే చేశాను. బడి ఎదురుగా, గాజు తలుపుతో. పార్టీవాళ్లు కొలతలిచ్చారు, చేశాను. వారంవారం వాళ్ల పత్రిక అందులో అంటించేవాళ్లు. వంకర ముక్కుల బొమ్మలు, మా కష్టాలన్నిటికీ మీరే కారణమన్న రాతలు. నేను కాదంటే ఇంకోడు చేసేవాడు కదా? అయినా ఎవరు నమ్మారండీ? మా ఆవిడ అనేది, "ఆ బొమ్మల్లో వాళ్లు వేరు, మన సెల్మా వాళ్లు వేరు" అని. అందరూ అలాగే అనేవాళ్లు. అంటూనే రోజూ చదివేవాళ్లు.

పెన్ను తీశారేంటి? రాసేస్తారా? ఆగండమ్మా. కాసేపు ఆగండి.

ఆ పెట్టె పిల్లలకి అందేది కాదు. మా అమ్మాయి గెర్లిండెకి అప్పుడు ఆరేళ్లు. అక్షరాలు కూడబలుక్కుంటోంది. మునివేళ్ల మీద లేచి చూడబోయి పడింది, మోకాలు చీరుకుపోయింది. ఆ వారమే పెట్టె కింద ఒక మెట్టు కట్టాను. అంచులు గుండ్రంగా చెక్కాను, ఏ పిల్లకీ గీరుకోకూడదని. ఆ మెట్టు ఎవరూ కట్టమనలేదు.

దానిమీద నిలబడి మొదటిసారి తడబడకుండా ఒక వాక్యం చదివింది. ఏం చదివిందో మీకు చెప్పలేను. నేను చప్పట్లు కొట్టాను. అప్పుడే మీ నాన్నగారు అటు వచ్చారు. ఎప్పట్లాగే పలకరింపుగా టోపీ ఎత్తారు. నేనూ ఎత్తబోయాను. "వద్దు నాన్నా, వాళ్లని పలకరించొద్దని ఇందులో రాశారు" అంది నా కూతురు. నా చెయ్యి ఆగిపోయింది. ఆయన చూశారు.

దానికిప్పుడు పదిహేడేళ్లు. బ్రెమెన్‌లో ఆసుపత్రి పనిలో ఉంది. మీరొచ్చారని రాస్తే, "ఆవిడకి ఇక్కడేం పని?" అని జవాబు రాసింది.

అందుకే రాయొద్దంటున్నాను. మీరు సంతకం పెడితే ఆ కాగితం దానికి చూపిస్తాను. నాన్న మంచివాడేనని అది నమ్ముతుంది. నాలుగు రోజులు పోతే నేనూ నమ్మేస్తాను.