అరవై ఒకటో పేజీలో మైనస్

తెనాలి స్టేషన్ రోడ్డులో అబ్దుల్ షుకూర్ గారి డీటీపీ షాపు. బాపట్ల కాలేజీలో లెక్కలు చెప్పే ఫ్లోరెన్స్, రేపు యూనివర్సిటీలో ఇవ్వాల్సిన థీసిస్ తీసుకుపోదామని పొద్దున్నే మొదటి బండిలో దిగింది. తీరా చూస్తే ఆయన ఒక్క పేజీ కూడా ప్రింటు తియ్యలేదు.

"మిషను పాడైందా?"

"లేదమ్మా."

"కరెంటు పోయిందా?"

"ఫ్యాను తిరుగుతోందిగా."

"మరి నూట ఎనభై పేజీలు కంప్యూటర్లో పెట్టుకుని ఏం చేస్తున్నారు షుకూర్ గారూ? చదువుకుంటున్నారా?"

"చదివానమ్మా."

"అబ్బో! మా గైడు గారే చదవలేదు."

"పద్నాలుగో పేజీలో మూడు బై ఎక్స్ క్యూబ్ ముందు ప్లస్సుంది. అరవై ఒకటిలో అదే ముక్క ముందు మైనస్సుంది."

"మీరే తప్పు కొట్టుంటారు."

"ఇదిగో మీ చేతిరాత. ఇక్కడ ప్లస్సు, ఇక్కడ మైనస్సు. ముప్పై ఏళ్ళుగా పెళ్ళికార్డులు కొడుతున్నాను. ఒక్క ముక్క అటూ ఇటూ అయితే పెళ్ళికొడుకు కాస్తా పెళ్ళికూతురైపోతాడు."

"పెళ్ళికార్డులు కొట్టే చేత్తో డిఫరెన్షియల్ ఆపరేటర్లని దిద్దుతున్నారన్నమాట. బావుందండి. రేపట్నుంచి నేనొచ్చి కార్డులు కొడతాను."

"కోప్పడకండి. అసలు అదేంటో కాస్త చెప్పండి."

"రెండు ఆపరేటర్లండి. ఇది చేసి అది చేసినా, అది చేసి ఇది చేసినా జవాబు ఒకటే రావాలి. అలా వస్తేనే వాటి వెనకాల ఒక కర్వు ఉంటుంది. నా థీసిస్సంతా ఆ కర్వు మీదే. చాలా? ఇక ప్రింటు కొట్టండి."

"మైనస్ పెడితే ఒకటే వస్తుందా?"

"మా గైడు వరప్రసాదం గారి పేపర్లో మైనస్సే ఉంది. అచ్చయి పన్నెండేళ్ళయింది."

"నేనడిగింది అది కాదమ్మా."

"ఆ కర్వుకి ఆయన పేరే పెట్టుకున్నారు కూడా."

"అదీ కాదు. మైనస్ ఉంచి, ఆ రెండింటినీ ఎక్స్ క్యూబ్ మీద పెట్టి చూడమంది మా ఖతీజా."

"ఎవరు? ఎమ్మెస్సీలో నా దగ్గర చదివిన ఖతీజానా? మీ అమ్మాయా?"

"మా అమ్మాయే. ఇటు చేస్తే ఎంతమ్మా?"

"పన్నెండు బై ఎక్స్ స్క్వేర్."

"అటు చేస్తే?"

"మైనస్ ఇరవై నాలుగు బై ఎక్స్ స్క్వేర్."

"కాయితం మీద వెయ్యకుండానే చెప్పేశారే!"

"లెక్కల టీచర్ని కదండి."

"రెండూ ఒకటి కాదుగా మరి. అంటే కర్వు..."

"లేదు. లేని కర్వుకి నూట ఇరవై పేజీల జాతకం రాశాను."

"అయితే ప్లస్ పెట్టేద్దాం."

"ప్లస్ పెడితే వచ్చేది దాదాపు వందేళ్ళ నుంచీ తెలిసిన కర్వండి. దానికి డాక్టరేటు ఎవరిస్తారు? పదకొండేళ్ళుగా గెస్టు లెక్చరర్ని. ఈసారి పీహెచ్‌డీ లేకపోతే జూన్‌లో రావద్దన్నారు. ఉన్నది ఉన్నట్టు కొట్టండి."

"తప్పని తెలిసీనా?"

"ఎవరు చూడొచ్చారు? బీరువాలో పెట్టి తాళం వేస్తారు. చెదలు చదువుతాయి."

"చెదలు కాదమ్మా, మా ఖతీజా చదువుతుంది. సోమవారం వరప్రసాదం గారి దగ్గరే పీహెచ్‌డీలో చేరుతోంది. మీ థీసిస్ ముందుంచుకుని, అక్కణ్ణుంచి మొదలెట్టమన్నారంట."

"వద్దనండి. వేరే గైడుని చూసుకోమనండి."

"ఎందుకని అడిగితే?"

"ఏదో ఒకటి చెప్పండి."

"మేడమ్ రాశారంటే చాలు, అది కళ్ళు మూసుకుని నమ్ముతుందమ్మా. ఈ మైనస్ చూపిస్తే ఏమందో తెలుసా? మా మేడమ్ అలా రాయరు, నువ్వే తప్పు కొట్టుంటావు అని నా మీద ఎగిరింది."

"అరవై ఒకటి నుంచి తీసెయ్యండి."

"మొత్తమా? రేపే కదమ్మా ఇవ్వాల్సింది!"

"మొత్తం. తప్పు మీది కాదని ఖతీజాకి చెప్పండి. ఆ మైనస్ సంగతి నాకు రెండేళ్ళ నుంచీ తెలుసు."