తలూపిన గుంజ

"నా బర్రెని చంపింది నీ కరెంటే" అని గురవయ్య. "కాదు, అది గడ్డెక్కువ మేసి కడుపుబ్బి చచ్చింది, నువ్వే కచ్చకొద్దీ నా తీగ తెంపావు" అని పేరయ్య. ఏడాదిగా ఇదే పాటనుకో. పేరయ్య చెల్లెలు ఆదెమ్మనే గురవయ్యకి ఇచ్చింది, అంటే బావాబామ్మర్దులు. ఏమైందంటే, కరెంటు స్తంభం కాణ్ణుంచి పేరయ్య బోరు దాకా తీగ పోయే పైపు గురవయ్య దొడ్లో మట్టి కింద పోయిద్ది, రెండొందల మూరలు. ఆ పైపుకి కాలవ తవ్వింది మా కూలి ముఠానే. నడుం లోతు తవ్వాలయ్యా, రెండువేల ఏడొందల ముప్పై అయిద్ది అన్నా. "జానెడు చాల్లే నాంచారమ్మా, బావి తవ్వుతున్నావా ఏంది" అన్నాడు పేరయ్య. జానెడే తవ్వి, జానెడు కూలే తీసుకుని పోయాం. ఆ వానాకాలమే బర్రె చచ్చింది. అదే పూట బోరూ ఆగింది.

ఈ ఏడు మళ్లీ పేరయ్య మిరపతోట ఎండతా ఉంటే ఆదెమ్మ మొగుణ్ణి బతిమాలి ఒప్పించిందంట. తీగ మార్చుకోమను, నా దొడ్లో గునపం మాత్రం దించితే ఊరుకోను అన్నాడంట. ఇంకేముంది, పాత తీగ కొసకి కొత్తది కట్టి పాతదాన్ని ఇవతలికి లాగాలి, కొత్తది దాని ఎనకాలే వచ్చిద్ది. మామూలు తీగా అది? బొటనవేలంత లావు. జారాలని కరెంటు పని చేసే మస్తాను పైపులో కుంకుడు పులుసు పోశాడు. పొద్దున పేరయ్య నన్ను చూసి, "మొగుడు పోయినదానివి, పని మొదలెట్టేటప్పుడు ఎదురు రాకు" అని పక్కన నిలబెట్టాడు. తీగ సగంలో బిగుసుకునేసరికి, "నాంచారమ్మా, నువ్వూ ఓ చెయ్యెయ్యి" అన్నాడు. చేతులకి మొగుడక్కర్లేదనుకో. పది మందిమి లాగాం. లాగితే దొడ్లోంచి ఆదెమ్మ పిలిచింది. "అన్నా, ఆగు. బర్రె గుంజ కదులుతాంది."

అదే, చచ్చిన బర్రెని కట్టేసిన ఇనప గుంజ. గాలికి కదిలిద్దా అది? మస్తాను ఇంకోసారి లాగమన్నాడు. లాగాం. గుంజ తలూపింది. వదిలాం. నిలబడింది. మూడోసారి లాగటానికి ఎవరికీ చేతులు రాలా.

గురవయ్యే పోయి గునపం తెచ్చుకుని తవ్వాడు. గుంజ పైపులోంచి, పైపులో తీగలోంచి దిగి ఉంది. చుట్టూ తీగ పైతోలు కాలి బొగ్గు. ఈడే ఎందుకు కొట్టావయ్యా అని పేరయ్య అడిగితే, "దొడ్డంతా రాయి బావా, ఈడొక్కచోటే మెత్తగా దిగింది. పైపు అవతలగా పోయిందనుకున్నా" అన్నాడు. దిగదా మరి? అది మేం తవ్వి పూడ్చిన మట్టి. బర్రె చచ్చిన రోజు మధ్యాన్నం కరెంటు లేనప్పుడు గుంజ కొట్టి, గొలుసుతో బర్రెని కట్టాడు. బోరుకి కరెంటొచ్చేది సాయంత్రం. అప్పుడు ఆదెమ్మ అంది, "ఆ సాయంత్రం నేను పాలు పిండటానికి చెంబుచ్చుకుని కూచోబోయా. దూడ తాడు తెంపుకుంటే పట్టుకురాటానికి పోయా. వచ్చేసరికి బర్రె పడుంది." అంతే అంది. మెల్లిగా అంది. పేరయ్య చెల్లెలి మొహం చూడలేక ఆ మట్టిలోనే కూలబడ్డాడు. బర్రె మాటా ఎవరూ ఎత్తలా, తీగ మాటా ఎత్తలా.

మర్నాడు పైపంతా పైకి తీసి మళ్లీ తవ్వాం. పేరయ్య మూర బద్ద కూడా తేలా, లోతు కొలవటానికి ఆదెమ్మనే కాలవలో నిలబెట్టాడు, ఆమె నడుం దాకా వచ్చిందాకా తవ్వించాడు. కూలి నేనేం పెంచలా. మొదట అడిగిందే అడిగా, ఆయనా బేరమాడలా. నా చేతిలో పెట్టాడు, రెండువేల ఏడొందల ముప్పై.